34 గెలుపులు, 5 ఓటములు: పర్డ్యూ సీజన్ గెలిచినట్టా, ఓడినట్టా?

వాబాష్ గట్టు | ఏప్రిల్ 9, 2024

అందరికీ క్రోధి నామ ఉగాది శుభాకాంక్షలు. సంవత్సరం పేరుకు తగ్గట్టే కోపంగా ఉన్నాను, అందుకే పొద్దున్నే ఈ థ్రెడ్.

రాత్రి ఆరిజోనాలోని గ్లెండేల్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ చూడనివాళ్లకి: యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 75, పర్డ్యూ (ఇండియానా రాష్ట్రంలోని మా యూనివర్సిటీ) 60. మా జాక్ ఈడీ ఒక్కడే 37 పాయింట్లు కొట్టాడు. మ్యాచ్ అయిన పది నిమిషాలకే వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టారు, "మళ్లీ బోల్తా పడ్డారు, పర్డ్యూ ఇంతే" అని.

అసలు గతం ఎంతమందికి తెలుసు? ఇదే టోర్నీలో 2021లో 13వ సీడు (సీడు అంటే టోర్నీ ర్యాంకు, 1 బలమైన టీమ్, 16 బలహీనమైనది) నార్త్ టెక్సాస్ చేతిలో ఓడాం. 2022లో 15వ సీడు సెయింట్ పీటర్స్ చేతిలో. 2023లో మేం 1వ సీడు, వాళ్లు 16వ సీడు ఫెయిర్లీ డికిన్సన్, అయినా 63-58తో పోయాం. ఆ రాత్రి నేను టీవీ ఆపేసి గరాజ్‌లో కూర్చున్నా. అదే కోచ్ మ్యాట్ పెయింటర్, అదే ఈడీ, అదే బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్. పారిపోకుండా మళ్లీ వచ్చారు. నవంబర్‌లో గొంజాగా, టెనెసీ, మార్కెట్ (Marquette) కాలేజీలను వరసగా కొట్టారు (మాయీలో మంటల వల్ల ఆ టోర్నీని హోనొలులుకి మార్చారు). డిసెంబర్‌లో నంబర్ వన్ ఆరిజోనాను కొట్టారు. మా బిగ్ టెన్ లీగులో 17-3. ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీస్‌కి, వెళ్లడం 1980 తర్వాత ఇదే. ఫైనల్ ఆడటం 1969 తర్వాత ఇదే.

దీన్ని ఓటమి అనేవాళ్లు ఎందుకో చెప్పండి. వింటాను.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 9

ఉగాది శుభాకాంక్షలు అన్నా. ఒక్కటే అడుగుతా. ఏడు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). ఫైనల్లో పర్డ్యూ మొత్తం 40 నిమిషాల్లో వేసిన త్రీలు ఏడు, పడింది ఒకటి. మ్యాచ్‌కి ఇరవై దాకా వేసే టీమ్ ఏడే వేసిందంటే అది టీమ్ కాదు, ఒక మనిషీ, అతని చుట్టూ నిలబడిన నలుగురు.

విజిల్ | ఏప్రిల్ 9

ఎదుటివాళ్ల రింగ్ ముందు గడిలో మూడు సెకన్లకి మించి నిలబడకూడదని రూలు ఒకటుంది, ఎవరికైనా గుర్తుందా? ఈడీ రింగ్ కింద కాపురం పెట్టాడు.

లీలా ఇండీ | ఏప్రిల్ 9

గ్రహణం రోజు ఫైనల్ పెడితే ఇంకేమవుతుంది 😀 మధ్యాహ్నం మూడింటికి మా ఇండియానాపోలిస్‌లో దాదాపు నాలుగు నిమిషాల పాటు పూర్తి చీకటి. అత్తయ్య హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో "బయటికి రావద్దు" అని ఒకటే పోరు. మేం లాన్‌లో కుర్చీలేసుకుని చూశాం. రాత్రికి ఇది జరిగింది. ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పను?

కాంక్రీట్ కోర్టు | ఏప్రిల్ 9

గుంటూరు నుంచి. ఇక్కడ పండగ పొద్దున్న ఆరూ యాభైకి మ్యాచ్ మొదలైంది. గుమ్మానికి మామిడాకులు కడుతూ ఫోన్‌లో చూశా. మా ఆవిడ పచ్చడి చేతిలో పెట్టేసరికి ఫస్టాఫ్ అయింది, 36-30.

నేను ఇరవై ఎనిమిదేళ్లు పీఈటీగా చేశాను. హరి గారి మాట కొంత నిజం. కానీ నా బాధ వేరు. 1994లో ఇంటర్ యూనివర్సిటీ సెలెక్షన్స్‌కి వెళ్లా. ఐదడుగుల ఎనిమిది. బంతి నా చేతిలో ఉంటే ఎవడూ లాక్కోలేడు. నన్ను తీసేసి ఆరడుగుల రెండంగుళాల వాడిని తీసుకున్నారు. వాడికి డ్రిబుల్ రాదు, లే-అప్ రాదు. "ఎత్తుంది కదా, నేర్పుకుంటాం" అన్నారు సెలెక్టర్లు. అప్పటినుంచీ ఏడడుగుల నాలుగంగుళాల మనిషిని చూస్తే నాకు చప్పట్లు రావు. క్షమించాలి.

లీలా ఇండీ | ఏప్రిల్ 9

మాస్టారూ, ఈడీకి ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదండీ. టొరంటోలో హాకీ, బేస్‌బాల్ ఆడుకునేవాడు, బాస్కెట్‌బాల్ పట్టుకున్నదే హైస్కూల్ సగంలో. పెద్ద కాలేజీలు చాలావరకు పట్టించుకోలేదు. ఇప్పుడు వరసగా రెండో ఏడాది నైస్మిత్ ట్రోఫీ (దేశంలో బెస్ట్ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది). అలా వరసగా కొట్టినవాడు రాల్ఫ్ శాంప్సన్ తర్వాత ఇతనే.

కాంక్రీట్ కోర్టు | ఏప్రిల్ 9

నేర్చుకున్నాడమ్మా, కాదనను. నాకు నేర్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదంటున్నా.

వాబాష్ గట్టు | ఏప్రిల్ 9

హరీ, నువ్వు లెక్కలు సగమే చెబుతావు. మరి యూకాన్ ఎన్ని త్రీలు వేసింది? 22. పడినవి ఆరు. అదేమన్నా గొప్పా? పర్డ్యూ సీజన్ మొత్తం 40 శాతం పైనే త్రీలు కొట్టింది. యూటా స్టేట్ మీద 106 కొట్టింది, అదీ ఒక్క మనిషేనా? ఫైనల్ ఫోర్‌లో నార్త్ కరోలైనా స్టేట్‌ను 63-50తో ఆపింది, అదీ ఒక్క మనిషేనా? ఒక్క రాత్రి చూసి 39 మ్యాచ్‌ల మీద తీర్పు చెప్పేస్తావా?

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 9

యూకాన్ ఎన్ని పడగొట్టిందన్నది కాదన్నా నా ప్రశ్న. పర్డ్యూ ఎందుకు *వెయ్యలేకపోయింది* అన్నది. ఏడు. మళ్లీ చెప్తున్నా, ఏడు.

ఒక్క రాత్రి అంటున్నారు కాబట్టి: డెట్రాయిట్‌లో టెనెసీ మీద 72-66తో గెలిచారు. అందులో ఈడీవి 40, రీబౌండ్లు 16. ఆరోజు గెలిచారు కాబట్టి "మొండిధైర్యం" అన్నారు. నిన్న అదే ఆట, 37, ఓడారు. ఆట మారలేదు, ఎదుటివాడు మారాడు. మా యూకాన్ కోచ్ డాన్ హర్లీ టీమ్ రెండేళ్లలో టోర్నీలో 12 మ్యాచ్‌లు ఆడింది, అన్నీ గెలిచింది, ఒక్కదాంట్లోనూ తేడా పది పాయింట్లలోపు లేదు. దాన్ని సీజన్ అంటారు.

ఫీజు కట్టే నాన్న | ఏప్రిల్ 9

నమస్కారమండీ, తెనాలి నుంచి. మా అబ్బాయి పర్డ్యూలో ఎం.ఎస్. రెండో ఏడు. నాకు ఆట తెలియదు. మేం కట్టే ఫీజులోంచి ఈ బంతాటకి ఎంత పోతుందో ఎవరన్నా చెప్పగలరా?

వాబాష్ గట్టు | ఏప్రిల్ 9

నాన్నగారూ, దిగులు వద్దు. ఆటల విభాగం టికెట్లు, టీవీ డబ్బులు, విరాళాల మీద నడుస్తుంది. ఇంకో సంగతి, పర్డ్యూ బేస్ ట్యూషన్‌ని 2012-13లో ఉన్న దగ్గరే ఆపేశారు, ఇప్పటికీ పెంచలేదు.

ఫీజు కట్టే నాన్న | ఏప్రిల్ 9

పెంచలేదా? జనవరిలో మావాడు ఫీజు పెరిగిందని ఇంకో రెండు లక్షలు అడిగాడే.

లీలా ఇండీ | ఏప్రిల్ 9

అయ్యో 🙈

వాబాష్ గట్టు | ఏప్రిల్ 9

అంటే… అక్కడ ఇంటద్దెలు బాగా పెరిగాయి లెండి. అదే అయ్యుంటుంది.

ఓపీటీ గడియారం | ఏప్రిల్ 10

గెలిచారా ఓడారా అని కొట్టుకుంటున్నారు గానీ, ఈడీ ఏ వీసా మీద ఉన్నాడో ఎవరూ మాట్లాడరేం? కెనడా కుర్రాడు. ఎఫ్-1. మనందరం వచ్చిన స్టూడెంట్ వీసానే.

2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. కార్ల షోరూముకి యాడ్ చెయ్యొచ్చు, పిజ్జా షాపు పోస్టర్ మీద నవ్వొచ్చు. పక్కన కూర్చున్న అమెరికా కుర్రాళ్లు అవన్నీ చేసుకోవచ్చు. దేశంలోకెల్లా బెస్ట్ ప్లేయర్ మాత్రం ఇక్కడ ఉండి యాడ్‌లో నటించి డబ్బు తీసుకుంటే స్టేటస్ పోతుంది. జెర్సీల వాటా లాంటివి "పని" కిందికి రావని లాయర్లు వాదిస్తారు, అది వేరే తలనొప్పి. కెనడా వెళ్తే చేసుకోవచ్చు. డిసెంబర్‌లో టొరంటోలో అలబామా మీద 35 కొట్టాడు, బహుశా సొంత ఊరు అనేకాదు, ఊపిరాడిన ఊరు అని కూడా.

నేను కీబోర్డ్ వాయిస్తాను. చదువుకునే రోజుల్లో మా ఊరి తెలుగు సంఘం ఉగాదికి పిలిచింది. మూడు గంటలు వాయించా. వచ్చిన సింగర్‌కి కవరు ఇచ్చారు. నేను ఎఫ్-1 కాబట్టి డబ్బు పుచ్చుకోకూడదని నేనే చెప్పా. శాలువా కప్పి, ఫోటో తీసి, పులిహోర డబ్బా ఇచ్చి పంపారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి డైనింగ్ హాల్లో గిన్నెలు. వారానికి 20 గంటలు, అంతకు మించకూడదు. ఈడీకి ట్రోఫీ, నాకు శాలువా. తేడా సైజులోనే.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 10

తమ్ముడూ, ఈడీకి ఫుల్ స్కాలర్‌షిప్. నీకూ నాకూ ఎవరిచ్చారు? రూలు తెలిసే వచ్చాడు. 2023లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేది) పేరిచ్చి, వెనక్కి తీసుకుని మరీ పర్డ్యూకి వచ్చాడు. ఎవరూ తుపాకి పెట్టలేదు.

ఓపీటీ గడియారం | ఏప్రిల్ 10

"రూలు తెలిసే వచ్చాడు." బాగుంది. గ్రీన్ కార్డు చేతికొచ్చాక అందరూ ఇలాగే మాట్లాడతారు.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 10

నాకు గ్రీన్ కార్డు వచ్చిందని నీకెవరు చెప్పారు?

విజిల్ | ఏప్రిల్ 10

వీసా సంగతి సరే. మూడు సెకన్లు?

వాబాష్ గట్టు | ఏప్రిల్ 10

థ్రెడ్ సీజన్ గురించి. దయచేసి వీసా గొడవలు ఇమ్మిగ్రేషన్ విభాగంలో పెట్టుకోండి.

ఈడీ తిరిగొచ్చాడు చూశారా, నేను సక్సెస్ అనేది దాన్నే. ఈ రోజుల్లో ఒక్క సీజన్ బాగాలేకపోతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరు పెట్టి ఇంకో కాలేజీకి పోతున్నారు. 16వ సీడు చేతిలో ఓడి, దేశమంతా నవ్వితే, ఈ పిల్లలు ఒక్కచోటే ఉండి సరిచేసుకున్నారు. యూకాన్‌లా కొనుక్కొచ్చిన టీమ్ కాదు ఇది.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 10

కొనుక్కొచ్చిన టీమా? క్లింగన్ మా బ్రిస్టల్ కుర్రాడు, హార్ట్‌ఫర్డ్ నుంచి అరగంట. కాసిల్, కరబన్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు. అవును, న్యూటన్ ఈస్ట్ కరోలైనా నుంచి, స్పెన్సర్ రట్గర్స్ నుంచి వచ్చారు. మీ లాన్స్ జోన్స్ ఎక్కడ నుంచి వచ్చాడు? సదరన్ ఇల్లినాయి. మీరు చేస్తే వంట, మేం చేస్తే కర్రీ పాయింటా?

పెయింటర్ పోర్టల్‌లోకి వెళ్లి ఇంకో ఇద్దరిని తెచ్చుకుని ఉంటే ఆ ఏడు కాస్తా ఇరవై అయ్యేవి. మొండితనాన్ని విధేయత అని పిలవకండి.

వాబాష్ గట్టు | ఏప్రిల్ 10

ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ మేసేవాళ్లకి విధేయత ఏం అర్థమవుతుందిలే. నువ్వే చెప్పావు కదా పోయినేడు జీతాల థ్రెడ్‌లో, పన్నెండేళ్లలో ఐదు కంపెనీలు మారానని. గొప్పగా చెప్పావు.

లీలా ఇండీ | ఏప్రిల్ 10

అన్నా, అది అనవసరం.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 10

అనవసరం కాదు లీలా గారూ, ఇప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. చెప్పనివ్వండి.

వాబాష్ అన్నా, మొదటి కంపెనీలో నేను ఆరేళ్లు ఉన్నా. మా మేనేజర్ ప్రతి మీటింగ్‌లో "మనమంతా ఒక ఫ్యామిలీ" అనేవాడు. బయట ఇరవై వేలు ఎక్కువ ఇస్తామన్నా కదల్లేదు. 2018లో ఒక శుక్రవారం మధ్యాహ్నం కాల్ వచ్చింది. పావుగంట. ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి వాళ్లే డబ్బా పంపారు, లోపల బబుల్ ర్యాప్ కూడా పెట్టారు. హెచ్-1 వీసా మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి నాకు మిగిలింది అరవై రోజులు. మా ఆవిడకి ఏడో నెల. యాభై రెండో రోజున ఆఫర్ వచ్చింది. ఆ యాభై రెండు రోజులు నేను పడుకున్నది గుర్తులేదు. ఆ తర్వాత ఏ కంపెనీలోనూ రెండున్నరేళ్లు దాటనివ్వలేదు, దాటనివ్వను. నేను మేసేవాణ్ణి కాదు. ఒకసారి కాలినవాణ్ణి.

స్పెన్సర్ మూడు కాలేజీలకి ఆడాడు. మొన్న రాత్రి గెలిచి రింగ్ నెట్ కోసుకున్నది అతను. నాకు అతనే నచ్చాడు, కారణం ఇది. చాలా?

మోడరేటర్ | ఏప్రిల్ 10

వ్యక్తిగత దూషణలు వద్దు. ఇంకోసారి జరిగితే థ్రెడ్‌కి తాళం.

ఓపీటీ గడియారం | ఏప్రిల్ 11

హరి అన్నా, నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కాంక్రీట్ కోర్టు | ఏప్రిల్ 11

నాయనా, మీ కంపెనీల గొడవలో ఆ ఏడు త్రీలకి కారణం ఎవరూ చెప్పలేదు. మళ్లీ చూశా, రెండుసార్లు.

మామూలుగా ఈడీకి బంతి అందగానే ఎదుటి టీమ్ ఇద్దర్ని మీదికి పంపుతుంది. అప్పుడు బయట ఒకడు ఖాళీ అవుతాడు, ఈడీ బయటికి విసురుతాడు, త్రీ పడుతుంది. సీజన్ అంతా పర్డ్యూ బతికింది దాని మీదే. హర్లీ రెండోవాణ్ణి పంపలేదు. ఏడడుగుల రెండంగుళాల క్లింగన్‌ని ఒక్కణ్ణే పెట్టాడు, అతను అలిసిపోతే శాంసన్ జాన్సన్. మిగతా నలుగురూ తమ తమ మనిషిని అంటిపెట్టుకుని ఉన్నారు, స్క్రీన్ పెడితే (దారికి అడ్డంగా ఒకడు నిలబడితే) పైనుంచి తిరిగొచ్చి మరీ పట్టుకున్నారు. అంటే ఈడీకి 25 షాట్లు వదిలేశారు, అందులో 15 వేసుకున్నాడు. "నీకు కావలసినన్ని కొట్టుకో, నీ తమ్ముళ్లకి మాత్రం నీళ్లు కూడా ఇవ్వం" అన్నట్టు. మిగతా అందరూ కలిసి 23.

దీనికి పోర్టల్ మందు కాదు. తనంతట తాను బంతి కొట్టుకుంటూ మనిషిని దాటిపోయే గార్డు ఇంకొకడు కావాలి. ఐదడుగుల ఎనిమిది అయినా పనికొచ్చేవాడే.

లీలా ఇండీ | ఏప్రిల్ 11

మాస్టారూ, ఆఖరి వాక్యం 1994 నుంచి దాచిపెట్టినట్టున్నారు 😀

కాంక్రీట్ కోర్టు | ఏప్రిల్ 11

దాచడమెందుకమ్మా. ఇంకా షూస్ కూడా ఉన్నాయి.

వాబాష్ గట్టు | ఏప్రిల్ 11

హరీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. సారీ.

నీ ఐదు కంపెనీల మీద నా కోపం కాదది. నేను 2011లో పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫాయెట్‌లోనే ఎం.ఎస్. చేసి, నది దాటి లఫాయెట్‌లో ఉద్యోగంలో చేరా. ఇప్పటికీ అదే ఉద్యోగం, అదే డెస్క్, కిటికీ మాత్రం మారింది. గ్రీన్ కార్డు లైన్‌లో నేను చేరిన డేటు 2013 డిసెంబర్. నాతో చేరినవాళ్లు డాలస్, సియాటిల్ వెళ్లిపోయారు, పెద్ద పెద్ద ఇళ్లు కొన్నారు. నేను చలికాలంలో పర్డ్యూ ఆడే మెకీ ఎరీనా పై వరసలో కూర్చుని అరిచి ఇంటికెళ్తా. పెయింటర్ 2005 నుంచి ఇక్కడే. ఈడీ నాలుగేళ్లూ ఇక్కడే. ఉండిపోయినవాళ్లకి ఏదో ఒకటి దొరకాలి కదా, ఒక్కసారన్నా. ఫైనల్ రాత్రి అది దొరుకుతుందనుకున్నా. అందుకని నువ్వు "ఏడు, ఏడు" అంటుంటే నా మీద అంటున్నట్టే వినిపించింది.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 11

దొరకాలని రూలేం లేదన్నా. అదే నేను చెప్పేది. అన్నట్టు మీ ఐ-140 (గ్రీన్ కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యే ఉంటుంది. అయితే కంపెనీ మారినా 2013 డేటు పోదు, కొత్త కంపెనీతోనూ అదే వస్తుంది. ఎవరూ చెప్పలేదా?

వాబాష్ గట్టు | ఏప్రిల్ 11

తెలుసు. ఎప్పుడో తెలుసు.

విజిల్ | ఏప్రిల్ 11

ఇంత చర్చలో మూడు సెకన్ల గురించి ఒక్కరు కూడా…

లీలా ఇండీ | ఏప్రిల్ 12

ఒక పిచ్చి సంగతి చెప్పనా? 1969 ఫైనల్లో పర్డ్యూని 92-72తో కొట్టిన యూసీఎల్ఏ కోచ్ ఎవరు? జాన్ వుడెన్. ఆయన చదివింది, ఆడింది పర్డ్యూలోనే. 1932 టీమ్‌లో స్టార్. అంటే పర్డ్యూ మొదటి ఫైనల్ పోగొట్టింది ఇల్లు వదిలి వెళ్లినవాడే. ఇద్దరూ మీ మీ వాదనకి వాడుకోండి.

హార్ట్‌ఫర్డ్ హరి | ఏప్రిల్ 12

ఇది నా పాయింటే.

వాబాష్ గట్టు | ఏప్రిల్ 12

ఎలా అవుతుంది? నాది.

ఓపీటీ గడియారం | జూన్ 27, 2024

పాత థ్రెడ్ పైకి తెస్తున్నా. ఈడీ డ్రాఫ్ట్‌లో 9వ పిక్, మెంఫిస్. ఇక ఎఫ్-1 గోల లేదు, ఏ యాడ్ అయినా చేసుకోవచ్చు. మొదటిది ఏ కంపెనీదో చూడాలని ఉంది.

హార్ట్‌ఫర్డ్ హరి | జూన్ 27

క్లింగన్ 7వ పిక్. రెండు ముందు. ఊరికే చెప్తున్నా.

ఫీజు కట్టే నాన్న | జూన్ 27

అందరికీ నమస్కారం. మావాడిని అడిగానండి. ఆ రెండు లక్షల్లో కొంత అద్దె, కొంత గ్లెండేల్ విమానం టికెట్టూ మ్యాచ్ టికెట్టూనట. ఓడిపోయారని మరీ బాధపడ్డాడు. పోనీ, ఆ మ్యాచ్ దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? టికెట్టు ఎంతుంటుందో తెలుసుకుందామని.